ఉప్పు చల్లిన ఐసు

తుఫాను దాటిపోయిన నాలుగో రోజు ఉదయం, రెండో తరగతి గదిలో బల్లలు కలిపి వేసిన పడక మీద, పదకొండేళ్ల పిల్ల మూడోసారి వాంతి చేసుకుంది. కడుపులో ఏమీ లేదు. పచ్చటి నీళ్లు మాత్రం వచ్చాయి. వాళ్ళమ్మ తువ్వాలుతో మూతి తుడిచి, "మళ్ళీ తిన్నావు కదూ? నిజం చెప్పు," అంది. పిల్ల కాదన్నట్టు తల ఊపబోయి, ఓపిక లేక సగంలోనే ఆపేసింది.

ఆ పిల్లను అందరూ పిచ్చుక అని పిలుస్తారు. సన్నగా ఉంటుంది, ఒకచోట కుదురుగా కూర్చోదు. ఆరో ఏట షుగరు జబ్బు బయటపడింది. అప్పటి నుంచి రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ సూది పడవలసిందే. పెద్దవాళ్ళు కొందరు ఒక పూట మానేసినా ఎలాగో నెట్టుకొస్తారు గానీ, ఇలాంటి పిల్లలకు ఆ వీలు లేదు. తుఫాను గాలికి వాళ్ళ ఇంటి తలుపు ఊడి, నీళ్లు నడుము దాకా వచ్చి, ఫ్రిజ్ బోర్లా పడింది. తల్లి దర్జీ. కుట్టుమిషను అక్కడే వదిలేసి, పిల్లను భుజాన వేసుకుని మా శిబిరానికి వచ్చింది.

శిబిరం అంటే ఒక బడి. నాలుగు గదులు, ఒక వరండా. నల్లబల్ల మీద కూడికల పక్కనే ఏ మందు ఎన్ని ఉన్నాయో నేను సుద్దముక్కతో రాసిన జాబితా. సెలైను సంచులు కిటికీ ఊచలకు వేలాడుతున్నాయి. ప్రభుత్వాసుపత్రి మందుల గదిలో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి నేను. డాక్టరమ్మ కబురు పెడితే వచ్చాను. ఇంట్లో ఒక్కణ్ణే కాబట్టి, తాళం వేసి బయల్దేరడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది.

డాక్టరమ్మకు ముప్పై ఏళ్లు ఉండవు. నాలుగు రోజులుగా అదే చొక్కా. పిచ్చుక వేలికొస నుంచి చుక్క రక్తం తీసి షుగరు మిషనుకు అంటించింది. మిషను అంకె చూపించలేదు. 'హై' అని మాత్రం చూపించింది. ఇక లెక్కపెట్టడం నావల్ల కాదని ఆ చిన్న పెట్టె చేతులెత్తేసిందన్నమాట.

"పొద్దున సూది వేశాం కదా సిస్టరూ?"

"ఎనిమిదిన్నరకు వేశానమ్మా. మోతాదు కూడా మీరు చెప్పిందే," అంది నర్సు.

డాక్టరమ్మ తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నిన్ననే చెప్పాను. సహాయం వాళ్ళు పంచే బిస్కెట్లు దీనికి పెట్టొద్దని."

"పెట్టలేదు డాక్టరుగారూ. అదే నా కన్నుగప్పి తింటోంది."

"నేను తినలేదు," అంది పిచ్చుక. గొంతు ఎండిపోయి మాట గరగరలాడింది.

"నోర్ముయ్. తినకపోతే షుగరు ఎలా పెరుగుతుంది? గాలి పీలిస్తే పెరుగుతుందా?"

పిల్ల ఊపిరి లోతుగా, ఎవరో తరుముతున్నట్టు తీస్తోంది. దగ్గరికి వంగితే నోటి నుంచి ముగ్గిన పండు వాసన వస్తోంది. ఆ వాసన ఏమిటో నాకు తెలుసు. డాక్టరమ్మకూ తెలుసు. నన్ను వరండాలోకి పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది.

"బాబాయ్ గారూ, ఒంట్లో విషం పేరుకుంటోంది. సెలైను ఎక్కిస్తున్నాను. ఇన్సులిన్ పనిచెయ్యకపోతే సాయంత్రం దాకా కూడా పిల్ల ఆగదు. పడవ నాలుగింటికి గానీ రాదు."

వంతెన కూలిపోయింది. పెద్దాసుపత్రికి పడవలోనే వెళ్ళాలి, అదీ వస్తే. నిన్న వస్తుందన్నది రాలేదు. అప్పటికి టైము పదిన్నర.

మేం లోపలికి వచ్చేసరికి నర్సు ఇంకో సూదికి సిద్ధం చేస్తోంది. తల్లి సీసా అడిగి తీసుకుంది. "నేను కలుపుతాను. అయిదేళ్లుగా కలుపుతున్నదాన్ని." మేం వాడే ఇన్సులిన్ అడుగున తెల్లగా పేరుకుని ఉంటుంది. అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తే అంతా కలిసి పాలలా అవుతుంది. ఆమె సీసాను దొర్లిస్తోంది, కళ్ళు మాత్రం పిల్ల మీదే ఉన్నాయి.

నా భార్య పదహారేళ్లు ఇదే మందు వాడింది. ఇలాగే దొర్లించి, వంటగది కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, "పాలయ్యాయి, రండి," అనేది. ఆ మాట అన్నాకే నేను సూది పట్టుకోవాలి. ఒక్కనాడూ చూడకుండా ఇచ్చేది కాదు. "ఇంత చదువుకున్నారు, నా పాటి ఓపిక లేదు మీకు," అని దెప్పేది కూడా. ఆవిడ పోయి మూడేళ్లయింది. ఈ శిబిరంలో సీసాల మీద గడువు తేదీలు చూశాను. ఎవరెవరికి ఎంత మోతాదో గోడకు అంటించాను. ఒక్క సీసానూ వెలుతురుకు ఎత్తి చూడలేదు.

"ఒక్క నిమిషం, ఇలా ఇవ్వమ్మా," అని తీసుకుని కిటికీ దగ్గరికి నడిచాను.

పాలు కాలేదు. విరిగిన పాలలా ఉంది. తెల్లటి నలకలు నీళ్లలో తేలుతున్నాయి. సీసా లోపలి గోడకు మంచు పట్టినట్టు సన్నటి పొడి అంటుకుని ఉంది. ఎంత దొర్లించినా అది కదలలేదు. పెట్టెలోంచి ఇంకో సీసా తీశాను. ఇంకోటి తీశాను. అన్నీ అంతే.

చిన్నపిల్లల కుర్చీ ఒకటి ఉంటే దాని మీద కూర్చుండిపోయాను.

ఇన్సులిన్ చల్లగా ఉండాలి. కానీ గడ్డకట్టకూడదు. ఒక్కసారి గడ్డకట్టిందంటే కరిగాక అందులో బలం ఉండదు. ఇది నాకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంకొకరికి చెప్పే ఉద్యోగమే ముప్పై రెండేళ్లు చేశాను.

జరిగింది ఇదీ. తుఫాను మర్నాడు మొదటి పడవలో ఇరవై సీసాలు వచ్చాయి. ఊళ్లో కరెంటు లేదు. ఇన్సులిన్ వాడేవాళ్ళు పద్నాలుగు మంది తేలారు. వాళ్ళ ఇళ్లలో మందు దాచుకునే చోటు లేదు కాబట్టి, రెండు పూటలా ఇక్కడికే వచ్చి వేయించుకోమన్నాం. చేపల రేవులో ఐసు అమ్మే ఆవిడ, అందరూ ఐసక్క అంటారు, నాటుపడవలో మూడు దిమ్మలు తెచ్చి పడేసింది. ఊరికే ఇచ్చింది. సీసాలన్నీ స్టీలు డబ్బాలో పెట్టి, డబ్బాకు తువ్వాలు చుట్టి, ఐసు పెట్టెలో దింపాను. రెండో రోజు సాయంత్రం ఆవిడ మళ్ళీ వచ్చి పెట్టె మూత తీసి చూసింది.

"ఏంటన్నయ్యా ఇది? మందుకి దుప్పటి కప్పావా? చలేస్తుందనా?" అని నవ్వి, తువ్వాలు లాగి పక్కన పడేసింది. ఐసు చితక్కొట్టి, డబ్బా చుట్టూ దట్టించి, సంచిలోంచి రాళ్ళ ఉప్పు తీసి నాలుగు గుప్పిళ్లు చల్లింది. "ఇప్పుడు చూడు. మేం చేపలకు ఇలాగే చేస్తాం. రెండు రోజులైనా నిన్న పట్టినట్టే ఉంటాయి. చేపైనా మందైనా చల్లగా ఉంటేనే కదా బతికేది."

"మీరు మా కాలేజీలో పాఠం చెప్పాల్సినవారండీ," అన్నాను నేను.

ఐసులో ఉప్పు కలిపితే చలి సున్నా కంటే కిందికి దిగుతుందని డిగ్రీ మొదటి ఏడాది ల్యాబులో నా చేతులతో చేసి చూశాను. ఆ సాయంత్రం అది తట్టలేదు. ఇల్లు కోల్పోయిన మనిషి మందుల కోసం ఐసు మోసుకొచ్చిందే అని, ఆవిడ మంచితనమే చూస్తూ ఉండిపోయాను. మర్నాడు పొద్దున డబ్బా మూతకు మంచు పట్టి ఉంటే మురిసిపోయాను కూడా. సూదుల వేళకు సిద్ధంగా ఉంటుందని ఆరింటికి డబ్బా తీసి కిటికీలో పెట్టి, కట్లు కట్టే గదిలోకి వెళ్ళాను. నర్సు వచ్చి మూత తీసేసరికి ఎనిమిదిన్నర. అప్పటికి సీసాల్లో అంతా కరిగిపోయింది.

నిన్న పొద్దుటి నుంచీ పద్నాలుగు మందికీ మేం వేసింది ఇదే. పద్నాలుగు మందికీ షుగరు పెరిగింది. పద్నాలుగు మందినీ బిస్కెట్లు తిన్నారని కేకలేశాం.

డాక్టరమ్మను పిలిచి సీసా చూపించాను. ఆమె చాలాసేపు చూసింది.

"అన్నీనా?"

"అన్నీ. ఉప్పు వేస్తుంటే నేను పక్కనే ఉన్నానమ్మా. చూస్తూ ఊరుకున్నాను."

ఆమె ఏదో అనబోయి మింగేసింది. ఆ మింగడం నాకు తిట్టు కంటే ఎక్కువగా తగిలింది. "తర్వాత మాట్లాడదాం. ఇప్పుడు మంచి మందు ఎక్కడ దొరుకుతుంది? అది చెప్పండి."

మందుల షాపులు మూడూ నీళ్లలో ఉన్నాయి. అందరివీ ఫ్రిజ్‌లే, అందరి ఫ్రిజ్‌లూ పోయాయి. అప్పుడు కండక్టరు గుర్తొచ్చాడు.

బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. రోజూ పొద్దున్నే వచ్చి షుగరు చూపించుకునేవాడు గానీ, మా దగ్గర సూది వేయించుకునేవాడు కాదు. "మీ పెట్టె వద్దండీ. నా ఏసీ నాకుంది," అనేవాడు. ఏసీ అంటే మట్టికుండ. కుండలో ఇసుక, ఇసుక మధ్యలో చిన్న ముంత, ముంతలో సీసా, కుండ చుట్టూ తడిగుడ్డ. "మీ మొండితనానికి మాత్రం మా దగ్గర మందు లేదు," అని నిన్న ఎగతాళి చేశాను. నిన్న అతని షుగరు నూట అరవై. వచ్చినవాళ్లందరిలో అతనొక్కడికే అదుపులో ఉంది. ఆ అంకె రాసుకుని కూడా నేను ఆలోచించలేదు.

"నేను వెళ్ళి తెస్తాను," అన్నాను. డాక్టరమ్మ తల ఊపింది. "ఆ తల్లికి ఇప్పుడే చెప్పకండి బాబాయ్ గారూ. మంచి మందు పడనివ్వండి ముందు."

కండక్టరు ఉండే సందులో నీళ్లు మోకాళ్ళ దాకా ఉన్నాయి. దీపస్తంభాల వెంట ఎవరో తాడు కట్టి ఉంచారు, పట్టుకుని నడవడానికి. ఎవరు కట్టారో తెలియదు. ముసలివాళ్ళ చేతికి అందే ఎత్తులోనే కట్టారు. చెప్పులు, ఒక బొమ్మ, తలగడ దూది నీళ్లలో తేలుతున్నాయి. ఒకచోట కాలు గుంటలో పడి నడుము దాకా తడిశాను. నీళ్లలో నడుస్తున్నంతసేపూ ఆ పిల్ల ఊపిరే చెవుల్లో వినిపించింది.

కండక్టరు మేడ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. "రండి రండి. ఫుట్‌బోర్డు మీద నిలబడకండి, లోపలికి రావాలి," అని చెయ్యి అందించాడు.

"మీ దగ్గర ఇన్సులిన్ ఎంత ఉంది?"

"సగం సీసా. ఏం? మీ పెట్టెలో ఇరవై ఉన్నాయి కదా? నిన్న నాకే చెప్పారు గొప్పగా."

"గడ్డకట్టి పాడైపోయాయి. నా పొరపాటు. దర్జీ ఆవిడ కూతురు పిచ్చుక, ప్రాణం మీదికి వచ్చింది."

ఎగతాళి చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. తన కుడికాలు వైపు చూసుకున్నాడు. బొటనవేలు లేదు. రెండేళ్ల క్రితం షుగరు పెరిగి పుండు పడితే తీసేశారు.

"నాకు అది పది రోజుల మందు," అన్నాడు.

"తెలుసు."

"ఇవాళ పడవలో కొత్తది వస్తుందా?"

"వస్తుందన్నారు. నిన్నా అలాగే అన్నారు."

"అంటే మీరు మాట ఇవ్వలేరు."

"ఇవ్వలేను."

కింద నీళ్లలో డబ్బా ఒకటి గోడకు తగిలి టంగుమంటోంది. అతను దాన్నే చూస్తున్నాడు. ఇవ్వనంటే నేను బలవంతం చేయగలిగేవాణ్ణి కాదు. ఆ కాలు చూశాక అడగడానికే నోరు రాలేదు.

"పిల్లకు ఎన్నేళ్లు?"

"పదకొండు."

"హాఫ్ టికెట్టు," అన్నాడు. గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్ళాడు. తడిగుడ్డ చుట్టిన కుండను రెండు చేతులా పొదివి పట్టుకుని బయటికి వచ్చాడు.

"సీసా ఒక్కటి ఇస్తే చాలండీ."

"ఈ ఎండలో చేత్తో పట్టుకెళ్తే మళ్ళీ పాడుచేస్తారు. మిమ్మల్ని నమ్మలేను. కుండతోనే వెళ్దాం. అటువైపు పట్టుకోండి. రైట్, రైట్."

అలా ఇద్దరు ముసలివాళ్ళం, ఒకడికి వేలు లేదు, ఇంకొకడికి బుద్ధి లేదు, ఇసుక కుండను చెరోవైపు పట్టుకుని నీళ్లలో నడిచాం. అతని కాలికి మురికినీళ్లు తగలకూడదని నాకు దారిలో గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళమంటే వినలేదు. "బస్సు మధ్యలో దిగమంటారేంటండీ," అన్నాడు. శిబిరానికి చేరగానే నర్సు అతని కాళ్ళు కడిగి మందు రాసింది.

సీసాను నేనే దొర్లించాను. వెలుతురుకు ఎత్తి చూశాను. నలక లేదు, పొడి లేదు. సీసా గోడకు ఒక్క చుక్కైనా అంటుకోకుండా, చిక్కగా, ఒకే తెలుపు.

"పాలయ్యాయి," అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. డాక్టరమ్మ సిరంజి పట్టుకుంది.

సూది పడేసరికి పన్నెండు కావస్తోంది. ఒంటిగంటకు చూస్తే మిషను మళ్ళీ 'హై' అంది. రెండో సెలైను సంచి పెట్టారు. రెండింటికీ 'హై'. పిచ్చుక కళ్ళు సగం మూసి, పిలిస్తే ఊ అంటోంది. డాక్టరమ్మ చిన్న మోతాదు మళ్ళీ ఇచ్చింది. రెండున్నరకు మిషను కాస్త తటపటాయించి అంకె చూపించింది. అయిదు వందల నలభై.

"అంకె వచ్చింది!" అని నర్సు అరిచింది. అయిదు వందల నలభైని చూసి అంతగా సంతోషించినవాళ్ళను ఏ ఆసుపత్రిలోనూ నేను చూడలేదు. డాక్టరమ్మ గోడకు ఆనుకుని మొహం రెండు చేతుల్లో దాచుకుంది. కండక్టరు వరండాలోంచి, "దిగుతోందా? ఎన్నో స్టాపులో ఉంది?" అని అడిగాడు.

అప్పుడు ఆ తల్లిని పక్కకు పిలిచి చెప్పాను. ఉప్పు సంగతి, గడ్డకట్టడం, నేను చూసి కూడా ఊరుకోవడం, అన్నీ. ఆమె నా మీద అరుస్తుందని సిద్ధపడ్డాను. ఆమె అరవలేదు.

"అంటే అది తినలేదా?"

"లేదమ్మా. ఏమీ తినలేదు."

"నిన్న సాయంత్రం నుంచీ తిడుతూనే ఉన్నాను. పొద్దున కొట్టాను కూడా. చెంప మీద. నోరు తెరువు, బిస్కెట్ వాసన వస్తుందేమో చూస్తానని బలవంతంగా నోరు తెరిపించాను." చేతి వైపు చూసుకుంది. "ఒట్టేసి చెప్పింది, తినలేదని. నమ్మలేదు నేను. మీ సీసాను నమ్మాను. నా కూతుర్ని నమ్మలేదు."

క్షమించమని అడిగితే, ఆ పని కూడా ఆమె మీదే పెట్టినట్టవుతుంది అనిపించి అడగలేదు.

మూడింటికి ఐసక్క వచ్చింది. నెత్తి మీద దిమ్మ, చేతిలో ఉప్పు సంచి. "అన్నయ్యా, ఇవాళ దిమ్మ కాస్త చిన్నది. ఫ్యాక్టరీలో ఇదే ఆఖరు. ఉప్పు ఇంకో గుప్పెడు ఎక్కువ వేద్దాం."

"ఉప్పు వద్దమ్మా."

"ఏం? సరిపోయిందా?"

అబద్ధం ఒకటి నోటి దాకా వచ్చింది. చెప్పి పంపించేస్తే ఆవిడ మనసు ఊరట పడేది. కానీ రేపు ఇంకో శిబిరానికి ఐసు తీసుకెళ్తుంది. అక్కడా ఉప్పు చల్లుతుంది. అందుకని చెప్పాను. నాకు తెలిసి కూడా ఆపలేదనీ, తప్పు నాదేననీ కూడా చెప్పాను. ఆవిడ వింటూ వింటూ మెట్టు మీద కూర్చుంది. నెత్తి మీది దిమ్మ దించడం మర్చిపోయింది. నీళ్లు చెంపల మీదుగా కారుతుంటే, అవి ఐసు నీళ్లో కావో నేను చూడలేదు.

"తప్పు నీదంటావేంటన్నయ్యా," అంది చివరికి. "చల్లింది ఈ చెయ్యి. ఆపనిది నువ్వు. ఇద్దరం పంచుకోవాలి గానీ, మొత్తం నువ్వు పట్టుకుపోతే ఎలా?" లేచి ఉప్పు సంచిని పెరటి గోడ దాటించి విసిరేసింది. తువ్వాలు వెతికి తెచ్చి, నా చేతికిచ్చి, "దుప్పటి కప్పు," అంది. నవ్వలేదు.

పడవ నాలుగుంపావుకు వచ్చింది. అందులో పది ఇన్సులిన్ సీసాలు ఉన్నాయి. ఒక్కొక్కటీ వెలుతురుకు ఎత్తి చూశాను. ఒక కొత్త సీసా కండక్టరు కుండలో పెట్టాం. మిగతా పదముగ్గురి ఇళ్ళకూ ఈ సాయంత్రమే వెళ్ళి చెప్పాలి, మీరేమీ తినలేదు, మేమే తప్పు చేశాం అని. వాళ్ళలో ఒక ముసలాయన పొద్దున సూదికి రాలేదు. ఎందుకు రాలేదో ఎవరికీ తెలియదు. ముందు అక్కడికే వెళ్ళాలి.

పిచ్చుకను తలుపు చెక్క మీద పడుకోబెట్టి రేవుకు మోసుకెళ్ళాం. షుగరు నాలుగు వందల పది. ఊపిరి కాస్త నెమ్మదించింది. సెలైను సంచిని డాక్టరమ్మ ఎత్తి పట్టుకుని తనే పడవలో ఎక్కింది. తల్లి పిల్ల తలవైపు కూర్చుంది. చెయ్యి పిల్ల నుదుటి దాకా తెచ్చి, తాకకుండా వెనక్కి తీసుకుంది.

నేను పడవ అంచు పట్టుకుని వంగాను. "పిచ్చుకా, వినపడుతోందా? నువ్వు బిస్కెట్లు తినలేదు. నువ్వు చెప్పింది నిజం. మందు పాడైంది. పాడవుతుంటే చూసి ఊరుకున్నది నేను."

కళ్ళు తెరిచింది. పెదాలు పగిలి ఉన్నాయి.

"అమ్మకి చెప్పారా తాతయ్యా?"

"చెప్పానమ్మా."

"మళ్ళీ చెప్పండి," అంది. "నేను వింటుంటే చెప్పండి."

పడవ వాడు తాడు విప్పబోతుంటే డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది. నేను ఆ తల్లి వైపు తిరిగి, మొదటి నుంచీ మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాను.